పదకొండో నెలలో పెట్టిన ఫిర్యాదు

ప్రశ్న: నా వయసు 38. అంబర్‌పేటలో ఉంటాం. నాకు పదకొండేళ్లప్పుడు నాన్న ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్ నుంచి క్యాసెట్లు పెట్టి ఆడే టీవీ గేమ్ తెచ్చారు. ఆ పిచ్చి ఇప్పటికీ వదల్లేదు. 2004లో అన్నయ్య, నేను ఏడాదిన్నర పాటు దాచుకున్న డబ్బుతో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్ గేమ్ యంత్రం ఒకటి కొన్నాం. ఆ రోజు నుంచి ఆ కంపెనీనే నమ్ముకున్నాను. ఇప్పుడు ఇంట్లో ఉన్నది వాళ్లది నాలుగోది. వేరే కంపెనీది బాగుందన్న స్నేహితులతో మాట పట్టింపులు కూడా వచ్చాయి.

అలాంటిది ఈ మధ్య ఆ పేరు వింటేనే మంటగా ఉంటోంది. చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్ పాడైంది. దాని మీద బొటనవేలితో తిప్పే పుల్ల ఉంటుంది కదా, దాని మీద వేలు పెట్టకపోయినా తెర మీద మనిషి తనంతట తాను ఎడమవైపు నడిచిపోతున్నాడు. వారంటీ ఏడాదే. అది ముగిసి ఐదు వారాలైందని, కొత్తది కొనుక్కోవాలని సర్వీస్ సెంటర్‌లో చెప్పారు. కొన్న పదకొండో నెలలో ఒకసారి ఇలాగే అయితే కంపెనీ వాళ్లతో చాట్‌లో మాట్లాడాను, ఏదో రీసెట్ చేయించారు, పది రోజులు బాగుంది. ఆన్‌లైన్ చందా పెంచారు. పాత యంత్రంలో డబ్బు పెట్టి కొన్న ఆటలు కొన్ని కొత్తదానిలో ఆడటం లేదు. ఇప్పుడు డిస్కు పెట్టే వీలే లేని మోడళ్లు వస్తున్నాయి. మన దేశానికి కొత్తవి ఆలస్యంగా వస్తాయి, కొన్ని అసలే రావు. ఇరవై ఏళ్ల అభిమానినని మొదలుపెట్టి నాలుగు పేజీల ఉత్తరం రాస్తే రెండు వాక్యాల జవాబు వచ్చింది. మీ అభిమానానికి ధన్యవాదాలు, మీ సూచనలు సంబంధిత విభాగానికి పంపుతాం అని.

అమ్మేసి ప్రశాంతంగా ఉండమని మా ఆవిడ అంటోంది. కానీ అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. ప్రతి ఆదివారం ఉదయం, వాళ్లకు శనివారం రాత్రి, ఇద్దరం గంటన్నర కలిసి ఆడతాం. మేం మనసు విప్పి మాట్లాడుకునేది ఆ గంటన్నరలోనే. అమ్మితే అది పోతుంది. ఉంచుకుంటే వాళ్ల ముందు తలవంచినట్టు ఉంటుంది. ఒక కంపెనీ గురించి ఈ వయసులో ఇంత బాధపడటం తప్పా? నన్నేం చేయమంటారు?
— ఒక పాఠకుడు, అంబర్‌పేట

సమాధానం: మీ ఉత్తరంలో ఒక వాక్యం కింద గీత గీసి పెట్టుకున్నాను. పదకొండో నెలలో కంపెనీ వాళ్లతో చాట్‌లో మాట్లాడాను అన్న వాక్యం. మీరు దాన్ని మాటల మధ్యలో అనేసి ముందుకు వెళ్లిపోయారు. కంపెనీకి రాసిన నాలుగు పేజీల్లో అది ఉందో లేదో నాకు తెలియదు కానీ, ఉంటే మూడో పేజీలో ఎక్కడో ఉంటుంది. మొదటి పేజీ నిండా 2004 ఉంటుంది, అన్నయ్యతో కలిసి దాచుకున్న డబ్బు ఉంటుంది, ఇరవై ఏళ్ల విశ్వాసం ఉంటుంది. చదివినవారికి మీరు అభిమానిగా కనిపించారు, అందుకే అభిమానానికి ధన్యవాదాలు చెప్పి పంపించారు. మీరు రాయవలసింది డబ్బిచ్చి వస్తువు కొన్న మనిషి రాసే ఉత్తరం. అది ఒక పేజీ దాటదు.

బాధపడటం తప్పా అని అడిగారు. తప్పు కాదు. పదకొండేళ్ల నుంచి ముప్పై ఎనిమిదేళ్ల వరకు చేతిలో ఉన్న వస్తువు మీద మమకారం ఉండదా? మా నాన్నగారు ఒకే కంపెనీ స్కూటరును పాతికేళ్లు నడిపారు. ఆ కంపెనీ వాటిని తయారుచేయడం మానేసిందని పేపర్లో చదివిన రోజు ఆయన భోజనం చేయలేదు. ఆ బాధను నేను చిన్నచూపు చూడను. కానీ బాధ వేరు, లెక్క వేరు. ఆ రెండింటినీ ఒకే కవరులో పెట్టి పంపితే లెక్క చూడవలసినవాళ్లు బాధను చదివి పక్కన పెట్టేస్తారు.

మీరు కంపెనీ పేరు రాశారు. నేను ఇక్కడ వేయడం లేదు. ఈ యంత్రాలు చేసే పెద్ద కంపెనీలు మూడు: ప్లేస్టేషన్ చేసే సోనీ, ఎక్స్‌బాక్స్ చేసే మైక్రోసాఫ్ట్, స్విచ్ చేసే నింటెండో. పేరు మార్చి మిగిలిన ఇద్దరిలో ఎవరిది పెట్టినా మీ ఉత్తరం దాదాపు అలాగే నిలుస్తుంది. ఒక్కొక్కటిగా చూద్దాం. ముందు ఆ పుల్ల సంగతి.

రెండేళ్ల క్రితం మా అబ్బాయి కంట్రోలర్‌కు కూడా ఇదే జబ్బు వచ్చింది. కోఠి గుజరాతీ గల్లీలో బాగుచేసే ఒక కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లాను. అతను నాలుగు మరలు విప్పి, పుల్ల కింద ఉండే పెట్టెను టంకం కరిగించి బయటికి తీశాడు. దానికి రెండు పక్కల వేలిగోరంత లేని ఆకుపచ్చ డబ్బాలు రెండు. ఒకటి కుడి ఎడమలకు, ఒకటి పైకీ కిందికీ. ఒకదాని మూత గోటితో లేపి భూతద్దం నా చేతికిచ్చాడు. లోపల గుర్రపు లాడంలా వంగిన నల్లటి పట్టీ. దాని మీద కార్బన్ పూత. సన్నటి లోహపు నాలుక ఒకటి ఆ పట్టీ మీద అటూ ఇటూ రాసుకుంటూ తిరుగుతుంది. నాలుక ఎక్కడ ఆగిందో దాన్ని బట్టి కరెంటు మారుతుంది, పుల్ల ఎటు వంగిందో యంత్రం దాన్ని బట్టి తెలుసుకుంటుంది. మా వాడి దాంట్లో ఆ నల్లటి పట్టీ మధ్యలో వెంట్రుకంత బూడిద రంగు చార పడి ఉంది. పూత అరిగిపోయింది. అరిగిన పొడి పక్కన కాటుకలా పేరుకుంది. పుల్ల నడిమధ్యన నిలబడి ఉన్నా, అరిగిన చోటు యంత్రానికి తప్పు చెబుతుంది. అప్పుడు తెర మీద మనిషి ఎడమవైపు నడుస్తాడు.

ఇది మీ వాడకంలో తప్పు కాదని చెప్పడానికే ఇంత వివరంగా రాశాను. రాసుకునే భాగం ఏదైనా అరుగుతుంది. రాసుకోకుండా పనిచేసే పద్ధతి కూడా ఉంది. ఒక అయస్కాంతం, దాన్ని ముట్టుకోకుండా దాని కదలికను పసిగట్టే సెన్సర్. దీన్ని హాల్ ఎఫెక్ట్ అంటారు. ఇదేమీ నిన్నమొన్నటి విద్య కాదు. 1998లో వచ్చిన సెగా కంపెనీ గేమ్ యంత్రం డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లో ఆ పద్ధతే ఉంది. పాతికేళ్ల క్రితమే తెలిసిన మెరుగైన పద్ధతిని పక్కన పెట్టి, అరిగే భాగాన్ని వేసి, ఏడాది వారంటీ ఇవ్వడం నా దృష్టిలో కొన్నవారికి చేసిన అన్యాయమే. ఈ విషయంలో మీ కోపం పూర్తిగా న్యాయం.

ఈ అన్యాయం మీద పోరాడినవాళ్లు ఏం సాధించారో చూడండి. నింటెండో స్విచ్ 2017లో వచ్చింది. దాని జాయ్‌కాన్ కంట్రోలర్లలో ఇదే లోపం. 2019లో అమెరికాలో కొన్నవాళ్లంతా కలిసి దావా వేశారు. 2020లో కంపెనీ అధ్యక్షుడు వాటాదారుల సమావేశంలో, కలిగిన ఇబ్బందికి క్షమాపణ చెప్పారు. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు వివిధ దేశాల నుంచి దాదాపు 25,000 ఫిర్యాదులు పోగుచేసి 2021 మొదట్లో యూరోపియన్ కమిషన్ ముందు పెట్టాయి. 2023కు వచ్చేసరికి, వారంటీ దాటినా అక్కడ ఈ లోపాన్ని ఉచితంగా బాగుచేస్తామని కంపెనీ ఒప్పుకుంది. ఆ మార్పును తెచ్చింది కొన్న తేదీ, చెడిన తేదీ, పెట్టిన ఖర్చు రాసిన కాగితాలే.

అంతకుముందు 2007లోనూ అంతే. ఎక్స్‌బాక్స్ 360 వేడెక్కి, ముందు భాగంలో ఎర్రటి దీపాలు మూడు వెలిగి, ఇక లేచేది కాదు. ఫిర్యాదులు వెల్లువెత్తాక మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పొడిగించింది. అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టవలసి వచ్చింది. అప్పటికే సొంత డబ్బుతో బాగుచేయించుకున్నవారికి ఆ డబ్బు తిరిగి ఇచ్చారు. బిల్లులు దాచుకున్నవారికి అది ఎంత ఉపయోగపడి ఉంటుందో ఆలోచించండి.

ఇప్పుడు మీ పదకొండో నెల దగ్గరికి వద్దాం. సర్వీస్ సెంటర్ వాళ్లు చూసింది కంట్రోలర్ వాళ్ల బల్ల మీదకు వచ్చిన తేదీని. చూడవలసింది లోపాన్ని మీరు మొదటిసారి తెలియజేసిన తేదీని. వారంటీలో ఉండగానే మీరు చెప్పారు. వాళ్లు చెప్పిన చిట్కా చేశారు. అది పది రోజులే పనిచేసింది. అంటే వారంటీ కాలంలో వచ్చిన లోపం బాగుపడలేదు, అదే లోపం కొనసాగింది. ఈ మాటను రుజువు చేసే ముక్క ఆ చాట్. ఈ రోజే ఈమెయిల్ వెతకండి. చాట్ అయ్యాక కేసు నంబరుతో ఒక మెయిల్ వచ్చి ఉంటుంది, చాలాసార్లు అది ప్రకటనల పెట్టెలో పడుతుంది. దొరకకపోతే సహాయ విభాగానికి మళ్లీ రాసి, ఫలానా వారంలో నా ఖాతా నుంచి జరిగిన సంభాషణ ప్రతి కావాలని అడగండి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ ఏదైనా తీసి ఉన్నారేమో చూడండి. కొన్న బిల్లు, పెట్టె మీది సీరియల్ నంబరు, సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్ షీట్ పక్కన పెట్టుకోండి. జాబ్ షీట్ ఇవ్వకుండా నోటిమాటతో పంపించి ఉంటే, మళ్లీ వెళ్లి, బాగుచేయబోమని రాసి ఇమ్మని మర్యాదగా అడగండి.

తర్వాత ఉత్తరం. ఇలా రాయండి: ‘ఫలానా తేదీన ఫలానా దుకాణంలో ఇంత ధరకు ఈ కంట్రోలర్ కొన్నాను. బిల్లు జతచేశాను. ఫలానా తేదీన, వారంటీ ఇంకా ఇన్ని రోజులు మిగిలి ఉండగా, పుల్ల తనంతట తాను కదులుతోందని మీ సహాయ విభాగానికి తెలియజేశాను. సంభాషణ ప్రతి జతచేశాను. మీరు చెప్పినట్టు రీసెట్ చేశాను. పది రోజుల తర్వాత అదే లోపం తిరిగి వచ్చింది. వారంటీలో తెలియజేసిన లోపం కాబట్టి దీన్ని ఉచితంగా బాగుచేయండి, లేదా మార్చి ఇవ్వండి. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి.’ ఇంతే. చందా సంగతి ఇందులో వద్దు, డిస్కుల సంగతి వద్దు, 2004 అసలే వద్దు. ఒక ఉత్తరంలో ఒకటే కోరిక ఉంటే దాన్ని దాటవేయడం కష్టం. కంపెనీకీ, అమ్మిన దుకాణానికీ ఇద్దరికీ పంపండి.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. వాళ్లు తీర్పు చెప్పేవారు కాదు, మీ ఫిర్యాదును కంపెనీ ముందు పెట్టి జవాబు అడుగుతారు. చాలా తగాదాలు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం, కంపెనీ కార్యాలయం ఏ నగరంలో ఉన్నా మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు మాత్రం రెండేళ్లు, అది దాటనివ్వకండి. తప్పకుండా గెలుస్తారని నేను మాట ఇవ్వలేను. కానీ చేతిలో ఆ చాట్ ఉన్న మనిషి వట్టి చేతులతో వెళ్లినట్టు కాదు.

ఒక హెచ్చరిక. ఈ వ్యవహారం తేలేవరకు కంట్రోలర్‌ను బయట ఎక్కడా విప్పించకండి. ఒక్క మర ఊడదీసిన గుర్తు కనిపించినా, బయటివాళ్లు చెడగొట్టారు అనడానికి వాళ్లకు అవకాశం ఇచ్చినట్టవుతుంది.

ఇక పాత ఆటల సంగతి. ఇందులో మీ కోపాన్ని రెండు భాగాలు చేయాలి. పాత ఆట కొత్త యంత్రంలో ఆడకపోవడానికి ప్రతిసారీ దురాశే కారణం కాదు. ప్లేస్టేషన్ 2లో మొదటిదాని డిస్కులు ఆడేవి. ప్లేస్టేషన్ 3లో సెల్ అనే ప్రత్యేకమైన ప్రాసెసర్ వాడారు. నాలుగోది మామూలు కంప్యూటర్ల తరహా ప్రాసెసర్‌తో వచ్చింది. రెండింటి భాషలు వేరు కాబట్టి మూడోదాని డిస్కు నాలుగోదానిలో ఆడలేదు. నాలుగోదానివి ఐదోదానిలో దాదాపు అన్నీ ఆడతాయి, ఎందుకంటే ఆ రెండూ ఒకే వంశం. ఇంజినీరింగ్‌లో నిజమైన ఇబ్బంది ఉన్న చోట నేను వాళ్లను తప్పుపట్టను.

కానీ రెండో భాగం వేరు. డిస్కు లేకుండా, దుకాణం తెర మీద బొత్తాం నొక్కి కొన్న ఆట మీ సొత్తు అని మీరు అనుకున్నారు. వాళ్ల ఒప్పందంలో అది ఆడుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. కాలిఫోర్నియా రాష్ట్రం దీని మీద చట్టమే చేసింది. 2025 జనవరి 1 నుంచి, ఇది అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా అలాంటి సరుకుకు ‘కొనండి’ అనే మాట వాడకూడదు. ఆ మాట మీద చట్టం చేయవలసి వచ్చిందంటే ఎంతమంది మీలాగే అనుకున్నారో చూడండి. నింటెండో వారి పాత 3డీఎస్, వీ యూ యంత్రాల ఆన్‌లైన్ దుకాణంలో అమ్మకాలు 2023 మార్చి 27న ఆగిపోయాయి. ఎక్స్‌బాక్స్ 360 దుకాణం 2024 జులై 29న మూతపడింది. కొన్నవాటిని తర్వాత కూడా దించుకోవచ్చు, అంటే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు అన్నారు. అయితే అది వాళ్ల సర్వర్లు నడిచినంత కాలమే కదా.

2021లో సోనీ కూడా ప్లేస్టేషన్ 3, చేతిలో పట్టుకుని ఆడే వీటా యంత్రాల దుకాణాలు మూసేస్తామని మార్చిలో ప్రకటించింది. గొడవ లేచింది. ఏప్రిల్‌లో, మేం తప్పు నిర్ణయం తీసుకున్నాం అని ఒప్పుకుని వెనక్కి తగ్గింది. 2013లో మైక్రోసాఫ్ట్ కథా ఇలాంటిదే. ఎక్స్‌బాక్స్ వన్ రోజుకొకసారి ఇంటర్నెట్‌కు తగిలి తీరాలని, వాడిన డిస్కులను ఇతరులకు ఇవ్వడంపై ఆంక్షలు ఉంటాయని చెప్పి, కొద్ది రోజుల్లోనే ఆ నిబంధనలన్నీ ఎత్తేసింది. కొనబోయేవాళ్లు కొనము అని చెప్పారు, అందుకు. వాళ్లు ‘నేను ఇరవై ఏళ్లుగా మీవాడిని’ అని చెప్పి ఉంటే కంపెనీ ఎత్తేసేది కాదు. నాలుగు యంత్రాలు వరసగా కొన్న మనిషి ఐదోదీ కొంటాడని ఏ కంపెనీ అయినా లెక్క వేసుకుంటుంది. మీ విశ్వాసం వాళ్ల ఖాతాలో ఎప్పుడో జమ అయిపోయింది. ఆ లెక్కను తారుమారు చేయగలిగింది మీ ఐదో కొనుగోలు ఒక్కటే.

అందుకని ఒక ఆదివారం మధ్యాహ్నం పాత యంత్రాన్ని అటక మీద నుంచి దించండి. దుమ్ము దులిపి, టీవీకి తగిలించి, మీరు కొన్న జాబితాలో ఇంకా దించుకోనివి ఉంటే ఇప్పుడే దించి పెట్టుకోండి. లోపల గడియారం నడిపే బిళ్ల లాంటి బ్యాటరీ ఉంటుంది, ఏళ్లు గడిస్తే అయిపోతుంది. ప్లేస్టేషన్ 4లో ఆ బ్యాటరీ అయిపోయి, ఇంటర్నెట్ కూడా అందకపోతే ఆటలు తెరుచుకోని దుస్థితి ఉండేది. ఆ సంగతి బయటపడి గోల జరిగాక 2021లో వచ్చిన అప్‌డేట్‌తో సరిచేశారు. కాబట్టి పాత యంత్రానికి చివరి అప్‌డేట్ వేసి ఉంచడం కూడా అవసరమే.

డిస్కు లేని మోడళ్ల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. డిస్కు పెట్టే వీలున్నదే కొనండి, లేదా విడిగా దొరికే డ్రైవ్ తీసుకోండి. డిస్కును అన్నయ్య కొడుకు సెలవులకు వచ్చినప్పుడు ఇవ్వవచ్చు, పక్కింటివారికి అరువివ్వవచ్చు, ఆడటం అయ్యాక సగం ధరకో పావు ధరకో అమ్ముకోవచ్చు. మీ చేతిలో ఉన్న బేరం అదొక్కటే. అది కూడా వదులుకుంటే ఒకే దుకాణం, వాళ్లు చెప్పిందే ధర. ఆ దుకాణంలో అమ్మే ప్రతి ఆట మీదా దాదాపు 30 శాతం యంత్రం తయారుచేసినవారికి ముడుతుంది. పెట్టెను లాభం లేకుండా అమ్మి, ఆటల మీద, చందాల మీద రాబట్టుకోవడం ఈ వ్యాపారంలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. చందా పెరగడం వెనుక ఉన్నది అదే.

యంత్రాల ధరలు కూడా ఒకప్పటిలా తగ్గడం లేదు. ప్లేస్టేషన్ 2 అమెరికాలో 2000లో 299 డాలర్లతో మొదలై 2009 నాటికి 99 డాలర్లకు దిగింది. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయలకు వచ్చి, 2022 నవంబరులో 54,990 అయింది. చిప్పులు ఏటేటా చౌకయ్యే కాలం పోయింది. ఆగితే తగ్గుతుంది అన్న మన పాత నమ్మకాన్ని పట్టుకుని కూర్చోవద్దు.

మన దేశానికి అన్నీ ఆలస్యం, కొన్ని అసలే రావు అన్న బాధ మీ వాక్యాల మధ్య కనిపించింది. నాకూ ఉంది ఆ బాధ. ఒకప్పుడు మన ఊళ్లో కాపీ సీడీలు, అవి ఆడేలా చిప్ వేయించిన యంత్రాలే ఎక్కువ, ఆ కాలంలో కంపెనీలు మనల్ని కొనేవాళ్లుగా లెక్కవేయలేదు. అయినా ఇక్కడ చేయగలిగినవాళ్లు లేకపోలేదు. భారతదేశంలో తయారైన మొదటి ప్లేస్టేషన్ 2 ఆట, 2009 నాటి ‘హనుమాన్: బాయ్ వారియర్’, తయారైంది మన హైదరాబాద్‌లోనే, అరోనా టెక్నాలజీస్ అనే సంస్థలో. అలాగే ప్రతి ఆలస్యానికీ కంపెనీయే కారణం కాదు. ప్లేస్టేషన్ 5 ప్రో 2024 నవంబరులో విడుదలైనప్పుడు మన దేశానికి రాకపోవడానికి కారణం, అది వాడే 6 గిగాహెర్ట్‌జ్ వైఫైకి అప్పటికి ఇక్కడ అనుమతి లేకపోవడం. కోపం వెళ్లవలసిన చోటికే వెళ్లాలి కాబట్టి చెబుతున్నాను.

ఇక అసలు సంగతి, ఆదివారం ఉదయం. మీ ఉత్తరంలో నా గుండెకు తగిలింది అదే. మీ ఆవిడ అమ్మేయమన్నది యంత్రాన్ని. దాన్ని తలచుకుని రోజూ ఇంట్లో మీరు పడే చిరాకును ఆమె చూస్తున్నారు, ఆ చిరాకు పోతుందని అలా అన్నారు. ఆమెతో కూర్చుని, ఆ గంటన్నరలో అన్నయ్యతో ఏం మాట్లాడుకుంటారో చెప్పండి. అమ్మానాన్నల ఆరోగ్యం, ఇంటి విషయాలు, పిల్లల చదువులు ఆ ఆట మధ్యలోనే వస్తాయని నేను ఊహించగలను. మగవాళ్లు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడలేనివి పక్కపక్కన ఏదో పని చేస్తూ మాట్లాడగలరు. మా ఇంట్లో అది కూరగాయలు తరిగేటప్పుడు జరుగుతుంది.

ఆ గంటన్నర ఈ కంపెనీ ఇచ్చిన వరం కాదు. అది మీ ఇద్దరిది. అందుకు ఉంచుకోవలసినంత ఉంచుకోండి, మిగిలింది మానేయండి. ఆన్‌లైన్‌లో కలిసి ఆడటానికి అన్నిటికన్నా కింది చందా చాలు. పై తరగతులు ఆడే తీరిక లేని ఆటల గుట్ట మాత్రమే ఇస్తాయి. కార్డు నుంచి తనంతట తానే డబ్బు తీసుకునే ఏర్పాటు ఆపేసి, గడువు తీరినప్పుడు మీరే చూసుకుని కట్టండి. ఉచితంగా దొరికే ఆటలు చాలావరకు చందా లేకుండానే ఆన్‌లైన్‌లో ఆడవచ్చు. ఇంకొకటి, మీరిద్దరూ ఒకే కంపెనీని పట్టుకుని ఉండాలన్న నియమం ఇప్పుడు లేదు. 2018 వరకు సోనీ తన ఆటగాళ్లను ఇతర కంపెనీల యంత్రాల వారితో కలిసి ఆడనివ్వలేదు. ఒత్తిడి పెరిగాక ఆ సెప్టెంబరులో తలుపు తెరిచింది. ఇప్పుడు చాలా ఆటల్లో ఒకరు ఒక కంపెనీ యంత్రం మీద, మరొకరు ఇంకో కంపెనీది లేదా కంప్యూటర్ మీద కలిసి ఆడవచ్చు. మీరిద్దరూ ఆడే ఆటలో ఆ వీలుందో లేదో చూడండి. ఉంటే రేపు మీరు ఏది కొన్నా, ఏదీ కొనకపోయినా, ఆదివారానికి ఢోకా లేదు. అక్కడ చౌక అని అన్నయ్య డాలస్ నుంచి కొత్త యంత్రం పంపుతానంటే మాత్రం తొందరపడవద్దు. వారంటీ సాధారణంగా కొన్న దేశానికే పరిమితం, పాడైతే మళ్లీ ఇదే బాధ రెట్టింపవుతుంది.

తలవంచినట్టు ఉంటుందన్నారు. డబ్బిచ్చి కొన్న వస్తువును వాడుకోవడం తలవంచడం కాదండీ. బాగుచేయమని అడగకుండా ఊరుకోవడం తలవంచడం. స్నేహితులతో ఆ కంపెనీ తరఫున పోట్లాడారని రాశారు కదా. వీలైతే వాళ్లలో ఒకరికి ఫోన్ చేయండి. వాళ్ల యంత్రం పుల్ల కూడా ఈపాటికి ఏదో ఒక పక్కకు లాగుతూ ఉంటుంది. ఒకే రకం ఫిర్యాదు నలుగురు పెడితే అది నలుగురి మాటగా నిలుస్తుంది.

చివరగా, కంట్రోలర్ చేతికి వచ్చేలోపు ఆదివారం ఆపుకోవలసిన పని లేదు. చాలా ఆటల సెట్టింగుల్లో డెడ్ జోన్ అని ఒకటి ఉంటుంది. పుల్ల ఎంత కదిలేవరకు పట్టించుకోకూడదో అది నిర్ణయిస్తుంది. దాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, తెర మీద మనిషి నిలబడ్డ చోట కదలకుండా ఆగేదాకా చూడండి. అక్కడ వదిలేయండి. పుల్ల కాస్త మొద్దుబారినట్టు అనిపిస్తుంది, గురి చూసి కొట్టే ఆటల్లో ఇబ్బంది పెడుతుంది. పరుగుపందెమో ఫుట్‌బాలో అయితే గంటన్నర హాయిగా గడిచిపోతుంది. ఉత్తరం శనివారం పంపేయండి. ఆదివారం అన్నయ్యతో ఆడేటప్పుడు, 2004లో కొన్నప్పటి కాగితాలు, మెమరీ కార్డు తన దగ్గర ఏమైనా ఉన్నాయేమో అడగండి. కంపెనీకి పంపడానికి కాదు, మీరు దాచుకోవడానికి.